బిస్కెట్ డబ్బా కోట చుట్టూ ఒక లైను

దావూజీ కోటకి ముందు వైపు మాత్రమే ఉంది, వెనక వైపు లేదు. ఎగతాళికి అంటున్న మాట కాదిది. ఆయన ఆ కోటని ఒక బిస్కెట్ డబ్బా మూత మీది బొమ్మ చూసి కట్టించాడు. రెండు గుండ్రటి బురుజులు, వాటి మీద కోసుగా టోపీలు, మధ్యలో కమాను తలుపు, పైన పళ్లు పళ్లుగా పిట్టగోడ. మేస్త్రీలు మూతని గోడకి ఆనించి పెట్టుకుని, చూసుకుంటూ చూసుకుంటూ అదంతా లేపారు. తీరా వెనక వైపుకి వచ్చేసరికి చూసుకోడానికి ఏమీ లేదు. ఏం కట్టమంటారు దావూజీ అని అడిగితే, "డబ్బా మీద లేనిది నేనెక్కణ్ణుంచి తెచ్చేది?" అన్నాడట. దాంతో వాళ్లు తమకి చేతనైన రైస్‌మిల్లు గోడ ఒకటి నిలబెట్టి, పైన రేకులు కప్పేశారు. ముందు నుంచి చూస్తే విలాయత్, వెనక నుంచి చూస్తే ధాన్యం గోడౌను.

మా వైపు ఊళ్లలో పాతకాలపు భూస్వామిని దావూ అంటారు. పక్కన జీ తగిలించకపోతే పెద్దవాళ్లు కళ్లెర్రజేస్తారు. మా దావూజీ భూములు చాలావరకు పోయాయి. మిగిలింది రాయపూర్ శివార్లలో ఆ కోట, దాని చుట్టూ పదెకరాల తోట. మా రైల్వే కాలనీ నుంచి సైకిలు మీద అరగంట. కోట చుట్టూ కందకం కూడా తవ్వించాడు, ఎందుకంటే బొమ్మలో ఉంది. వానాకాలం నాలుగు నెలలూ అందులో నీళ్లుండేవి, మిగతా ఎనిమిది నెలలూ గేదెలుండేవి.

తోటలో ఇప్ప, నేరేడు, ఉసిరి, కానుగ, తునికి. చెట్టు మీది కాయ ఎవరూ కోయకూడదని ఆయన రూలు. రాలితే ఏరుకోవచ్చు, ఎవరైనా, ఎన్నైనా. ఆ రూలు ఆయనకీ వర్తించేది. నేరేడు కాలంలో, భుజాన తువ్వాలు, చేతిలో స్టీలు పళ్లెం పట్టుకుని, చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. తల మీద చేతికందే ఎత్తులో గుత్తులు వేలాడుతుండేవి. చెయ్యి ఎత్తేవాడు కాదు. నేను పన్నెండో తరగతిలో ఉండగా మొదటిసారి ఆయన్ని అలాగే చూశాను. పిచ్చి మనిషి అనుకున్నాను. ఆ అభిప్రాయం నేను ఇప్పటికీ పూర్తిగా మార్చుకోలేదు. కానీ మనుషుల్లో ఎలాంటి పిచ్చి ఉంటే మంచిదో నాకు తెలిసింది మాత్రం ఆయన్ని చూసే.

మాది శ్రీకాకుళం వైపు. తాత రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న కీమేన్‌గా చేశాడు. అంటే తన వంతు లైను వెంట రోజూ పొద్దున్నే నడిచి, పట్టాని కింది స్లీపరు దిమ్మకి బిగించే ‘కీ’ అనే ఇనప ముక్కలు వదులయ్యాయేమో చూసి, వదులైతే సుత్తితో కొట్టి బిగించే మనిషి. భుజాన సుత్తి, చంకలో రెండు జెండాలు. ఏదైనా తేడా ఉంటే ఎర్రజెండా, లేకపోతే పచ్చజెండా. ఆయనకి లోకం మొత్తం ఆ రెండు రంగుల్లో సరిపోయేది.

నన్ను నాన్న జీవితంలో ఒక్కసారే కొట్టాడు. రెండో తరగతిలో ఉన్నాను. ఇంట్లో ఉన్న ఎర్రజెండా తీసుకెళ్లి, కాలనీ రోడ్డు మీద అడ్డంగా నిలబడి, ఐసుగోలా బండివాణ్ణి ఆపాను. వాడూ సరదాకి ఆగాడు. అప్పుడే డ్యూటీ నుంచి వస్తున్న నాన్న చూశాడు. "ఏటున్నాదక్కడ? ఏటున్నాదని ఆపినావు?" అని అడిగాడు. నేను నవ్వాను. చెంప పగిలింది. తర్వాత నాన్న ఆ జెండా చుట్టి, సంచీలోంచి పచ్చది తీసి, ఐసుగోలా బండికి చూపించి, మాఫ్ కరో భయ్యా అని పంపించాడు. ఆ సాయంత్రం నన్ను ఒళ్లో కూచోబెట్టుకుని చెప్పాడు. "ఎర్రజెండా మనది కాదు తల్లీ. లైను మీద ఏదో ఉన్నాదనుకో, అప్పుడు అది దానిది. ఏటీ లేకుండా బండి ఆపినోడు, రేపు నిజంగా ఉన్నప్పుడు ఆపినా ఎవుడూ ఆగడు." చెంప మండుతుంటే విన్నాను కాబట్టి ఒక్క ముక్క మర్చిపోలేదు.

రిటైరయ్యాక నాన్నకి కాళ్లు ఆగేవి కావు. పొద్దున్నే లేచి ఎటైనా నడిచి వచ్చేవాడు. అలా నడుస్తూ నడుస్తూ ఒకరోజు దావూజీ తోటలోకి పోయాడు. అక్కడ చెట్ల కింద తుప్పుపట్టిన చిన్న పట్టాలు కుప్పగా పడి ఉన్నాయి, పక్కనే ఒక పాత పుష్‌ట్రాలీ. మనుషులు వెనక నుంచి తోస్తే పట్టాల మీద నడిచే చిన్న బండి అది, నాలుగు చక్రాలు, పైన బల్ల. దావూజీ వాటిని ఊరి తుక్కు యార్డుల్లో ఏరి ఏరి కొన్నాడు. తన తోట చుట్టూ తను రైల్లో తిరగాలని ఆయనకి చిన్నప్పటి నుంచీ కోరిక. కొన్నాక ఏం చెయ్యాలో తెలియక రెండేళ్లుగా అలా పడేసుకున్నాడు. నాన్న అక్కడే గొంతుక్కూర్చుని ఒక్కొక్క పట్టా తడిమి చూశాడట. దావూజీ వచ్చి, ఎవరు నువ్వు అని అడగలేదు. "పెడతావా?" అని అడిగాడు. నాన్న, పెడతాను అన్నాడు. పెళ్లిచూపులు ఇంతకన్నా తొందరగా కుదరడం నేను చూడలేదు.

"నలభై ఏళ్లు పట్టాల మీదే నడిసినాడు, ఇప్పుడు ఫోకట్‌గా ఇంకో పట్టా ఎత్తుకున్నాడు," అని అమ్మ తిట్టింది. తిడుతూనే పండరీ బట్టల బజారుకి వెళ్లి జెండాలకి గుడ్డ తెచ్చింది. అక్కడ హోల్‌సేల్ కొట్టువాడు అరమీటరు ఇవ్వనన్నాడు. తానుకి తానే కొనమన్నాడు, ఎరుపొకటి, పచ్చ ఒకటి. జెండాలు కుట్టగా మిగిలిన దాంతో అమ్మ తలగడ గలేబులు కుట్టింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మా ఇంట్లో అందరం ప్రమాదం మీదో, లైన్ క్లియర్ మీదో తల పెట్టుకుని పడుకున్నాం.

లైను తయారవడానికి ఏడాది పట్టింది. కోట కమాను ముందు ఒక సిమెంటు బెంచీ, అది స్టేషను. అక్కడ మొదలై నేరేడు చెట్ల మధ్య నుంచి, కందకం మీద చెక్క వంతెన దాటి, కోట వెనక నుంచి తిరిగి మళ్లీ బెంచీ దగ్గరికి. రోజూ సాయంత్రం నాన్న ముందు మొత్తం లైను నడిచి వచ్చేవాడు. పాత యూనిఫాం చొక్కా వేసుకునేవాడు. దావూజీ తెల్లటి పంచె, తల మీద టోపీతో ట్రాలీ బల్ల మీద కూర్చుని అడిగేవాడు.

"లైన్ క్లియర్ హే కా?"

"క్లియర్ హే, దావూజీ."

పచ్చజెండా. అప్పుడు నాన్న, తోటమాలి కలిసి తోసేవారు. కోట వెనక వైపుకి ట్రాలీ తిరగగానే దావూజీ కళ్లు మూసుకునేవాడు. రేకుల గోడ దాటిపోయి మళ్లీ బురుజు కనిపించే చోట నాన్న చిన్నగా దగ్గేవాడు. అప్పుడు తెరిచేవాడు. డబ్బా మీద లేనిది చూడాల్సిన అవసరం ఆయనకి లేదు.

ఒకసారి పెద్దబాతు ఒకటి వచ్చి సరిగ్గా రెండు పట్టాల మధ్య గుడ్లు పెట్టి కూచుంది. కాపలాకి కుక్కలు వద్దని దావూజీ బాతుల్ని పెంచేవాడు. ఆ సాయంత్రం నాన్న ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డాడు. "బ్లాక్ హే, దావూజీ," అన్నాడు. లైను మీద పని జరిగేటప్పుడు కొన్ని గంటలు బళ్లు ఆపేస్తారు, దాన్ని బ్లాక్ అంటారు. బ్లాక్ ఎవరో ఒకరి పేరు మీదే తీసుకోవాలి, పని కాగానే వాళ్లే తిరిగి అప్పజెప్పాలి. ఇదంతా దావూజీకి నాన్న ఎప్పుడో నేర్పాడు. అందుకని ఆయన మొదట అడిగింది, ఎవరు తీసుకున్నారు అని.

"బాతు తీసుకుంది, దావూజీ."

"ఎప్పుడు వాపస్ ఇస్తుంది?"

"నెల పడుతుంది."

దావూజీ ట్రాలీ దిగి వెళ్లిపోయాడు. నెలరోజులూ సాయంత్రం బెంచీ దగ్గరికి వచ్చి, బాతు బ్లాక్ ఇచ్చిందా అని అడిగి, లేదంటే తిరిగి వెళ్లిపోయేవాడు. తన తోట, తన పట్టాలు, తన బాతు. ఒక్కరోజు కూడా దాన్ని జరపమనలేదు. ఆయనా నాన్నా ఒకరికొకరు ఎందుకంత నచ్చారో నాకు అప్పుడు అర్థమైంది. ఇద్దరికీ రూలంటే భయం కాదు, ఇష్టం.

అలా ఏడేళ్లు నడిచింది. అప్పటికి రాయపూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయి చాలా కాలమైంది. ఊరు ఆ వైపుకి పాకుతూ వచ్చి తోట గోడని తాకింది. గోడకవతల నాలుగంతస్తుల ఇళ్లు లేచాయి. వాటి బాల్కనీల్లోంచి జనం ట్రాలీని చూసి ఫోన్లలో ఫొటోలు తీసేవారు.

ఆ చలికాలం దావూజీకి పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది, మాట ముద్దయింది. నెల తర్వాత ఇంటికి తెచ్చాక ఆయన మొదట అడిగింది లైను సంగతే. నాన్నా మాలీ కలిసి ఆయన్ని ఎత్తుకొచ్చి, ట్రాలీ మీద కుర్చీ కట్టి, అందులో కూచోబెట్టి తిప్పారు. ఆ చుట్టు ఉన్నంతసేపే ఆయన ముఖం మామూలుగా ఉండేది. మిగతా రోజంతా ఏడుస్తుండేవాడు, చిన్నపిల్లలు ఏడ్చినట్టు, ఏం కావాలో చెప్పకుండా. ఒక సాయంత్రం దిగేటప్పుడు ఎడమ చేత్తో నాన్న చెయ్యి పట్టుకున్నాడు. నేనుండగా లైను తెగకూడదు అన్నాడు. ఆ నాలుగు మాటలకి చాలాసేపు పట్టింది. నాన్న, తెగదు దావూజీ, నేనున్నాను అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. ఇంత పెద్ద మాట ఎందుకు ఇస్తున్నాడు ఈయన అని చిరాకుపడ్డాను. ఇంటికొచ్చాక అన్నాను కూడా. "ఆయన్దేమో ఆస్తి, కొడుకులున్నారు. మధ్యలో నీదేముంది నాన్నా?" నాన్న అన్నం కలుపుకుంటూ, "లైను నాది గదే," అన్నాడు.

నేను డిప్లొమా చేసి, శంకర్ నగర్‌లో ఒక ఆఫీసులో నక్షాలు గీసే పనికి చేరి అప్పటికి మూడేళ్లు. కొత్త కాలనీలకి లేఅవుట్లు మా దగ్గరే తయారయ్యేవి. పొలం కొలతలు వస్తాయి, వాటి మీద నేను కంప్యూటర్లో రోడ్లు, ప్లాట్లు గీస్తాను. ఎవరి పొలమో, అందులో ఏం పండేదో నాకు తెలిసేది కాదు. తెలుసుకోవాలని కూడా అనిపించేది కాదు. ఎండాకాలం మొదట్లో ఒక సర్వే ఫైలు నా కంప్యూటర్లోకి వచ్చింది. తెరిచాను. మధ్యలో ఒక భవనం, ముందు వైపు రెండు గుండ్రాలు, వెనక వైపు చదునైన గోడ. చుట్టూ రెండు సన్నటి గీతలు. వాటి పక్కన సర్వే వాళ్లు పాత పట్టాలు అని రాశారు.

దావూజీ కొడుకులు చెడ్డవాళ్లు కాదు. ఆ మాట రాయకపోతే అన్యాయం. పెద్దబ్బాయి మా నాన్నని కాకా అని పిలిచేవాడు, ఎదురైతే కాళ్లకి దణ్ణం పెట్టేవాడు. అన్నదమ్ములు పంచుకోవాలి, ఊరు మీదికి వచ్చేసింది, తోటని ఎవరు చూస్తారు? కోటని పెళ్లిళ్లకి అద్దెకిచ్చే మ్యారేజ్ గార్డెన్ చేస్తారు, తోటని ప్లాట్లు వేస్తారు. చెడ్డవాళ్లైతే నాకు సుఖంగా ఉండేది. తిట్టుకుని పడుకునేదాన్ని.

ఆ నక్షాని నేను రెండు రకాలుగా గీశాను. మొదటిదాంట్లో లోపలి రోడ్డుని పట్టాల వంపు వెంటే తిప్పి, పట్టాల్ని పక్కన పచ్చిక లోపల వదిలేశాను. ముచ్చటగా వచ్చింది. మా సార్ చూసి, బాగుందమ్మా కానీ నాలుగు ప్లాట్లు పోతున్నాయి కదా, నిలువు రోడ్లు వేసెయ్ అన్నాడు. సార్, అది... అన్నాను. ఏంటది అన్నాడు. ఏం లేదు సార్ అన్నాను. నా పోరాటం మొత్తం అంతే. ఇప్పుడు కాగితం మీద పెట్టి చూసుకుంటే ఒక్క వాక్యం కూడా కాలేదు.

తర్వాత కూర్చుని ఆ రెండు సన్నటి గీతల్ని చెరిపేశాను. చెరపడానికి క్షణం కూడా పట్టలేదు. పదకొండో ప్లాటు నేరేడు చెట్ల మీద వచ్చింది. ఇరవై మూడోది వంతెన మీద వచ్చింది. సిమెంటు బెంచీ ఉన్న చోట ట్రాన్స్‌ఫార్మర్‌కి స్థలం వదలమన్నారు, వదిలాను.

నాన్నకి చెప్పలేదు. రెండు నెలలు చెప్పలేదు. ఆయన రోజూ సాయంత్రం యూనిఫాం చొక్కా వేసుకుని బయల్దేరుతుంటే, టిఫిను డబ్బాలో పకోడీలు పెట్టి చేతికిచ్చేదాన్ని. చెప్తే ఏమవుతుంది? వెళ్లి దావూజీకి చెప్పేస్తాడు. ఆయన గుండె అక్కడే ఆగిపోతుంది. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమవుతుందో నాకే బాగా తెలుసు, గీసిందే నేను. పని వదిలేద్దామా అనుకున్నాను. వదిలేస్తే ఇంకొకరు గీస్తారు, అందులో ఆ వంపు ఎలా ఉండేదో కూడా వాళ్లకి తెలియదు. ఇలాంటి సాకులు నా దగ్గర సంచీ నిండా ఉండేవి. జేసీబీ వచ్చేలోగా దావూజీ పోతే బాగుండునని కూడా ఒకరోజు అనుకున్నాను. అనుకున్నాను. ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు గానీ అనుకున్నాను.

వానలకి ముందే దావూజీని కోట వెనక గదిలోకి మార్చారు. ముందు హాల్లో రంగులు వేస్తున్నారని కారణం చెప్పారు. ఆయన ఏడేళ్లూ కళ్లు మూసుకుని దాటిన రేకుల గోడ లోపలి వైపు మంచం వేశారు. కిటికీ ఎక్కడో పైన, చిన్నది. అయినా సాయంత్రం చుట్టు మాత్రం ఆగలేదు.

ఆ రోజు ఉదయం సార్ నన్ను సైటుకి రమ్మన్నాడు. హద్దురాళ్లు ఎక్కడెక్కడ పాతాలో చూపించాలి, నువ్వే కదా గీసింది అన్నాడు. కాగితం చుట్ట చంకలో పెట్టుకుని స్కూటీ మీద వెళ్లాను. దారిలో రెండుసార్లు ఆగాను. తోట గేటు తీసి ఉంది. పసుపు జేసీబీ లోపలికి వచ్చి ఇప్పచెట్ల దగ్గర నిలబడి ఉంది. సార్ ఉన్నాడు, దావూజీ పెద్దబ్బాయి ఉన్నాడు. పట్టాల మధ్య మా నాన్న, యూనిఫాం చొక్కాలో, ఎర్రజెండా రెండు చేతులా విప్పి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

పెద్దబ్బాయి, "కాకా, పక్కకి రండి కాకా," అంటున్నాడు. చేతులు జోడించి మరీ అంటున్నాడు. నాన్న ఆయన వైపు చూడటం లేదు, బండి వైపే చూస్తున్నాడు. జేసీబీ డ్రైవరు ముప్పై ఏళ్ల మనిషి, మెడలో గంఛా తువ్వాలు. ఎర్రజెండా చూసి ఇంజను ఆపేశాడు. రైలు గేట్ల మధ్య పెరిగిన ఊరు మాది, ఇక్కడ ఎవరైనా ఆగుతారు. ఆపి, కిందికి దిగి నాన్న దగ్గరికొచ్చి, వెటకారం లేకుండా, నిజంగానే అడిగాడు.

"ఏమైంది బాబా? లైను మీద ఏముంది?"

నాన్న కిందికి చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. నాకు ఆ చూపు తెలుసు. వెతుకుతున్నాడు. నా ఎనిమిదో ఏట ఐసుగోలా బండి ముందు నన్ను ఏం అడిగాడో, అదే ఇప్పుడు ఆయన్ని ఇంకొకరు అడిగారు.

నేను పరిగెత్తి వెళ్లి ఆయన చెవి దగ్గర తెలుగులో చెప్పాను. "నాన్నా, పట్టా విరిగిందను."

"ఎక్కడిరిగినాదే? పొద్దున్నే సూసినాను గదా. ఒక్క కీ కూడా ఒదులు నేదు."

"పాముందను. గొయ్యి పడిందను. ఏదో ఒకటి చెప్పు నాన్నా, నీకు దండం పెడతాను."

"లేందాన్ని ఉన్నాదని ఎలాగంతానే?"

అదుగో ఆ బండే ప్రమాదం, అదే కదా లైనుని తెంపబోయేది, ఆ మాటే చెప్పొచ్చు కదా అని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. అక్కడ నాకూ తట్టలేదు. ఆయనకి తట్టడం అసలు జరిగే పని కాదు. నలభై ఏళ్లూ ఆయన బండికి వచ్చే ప్రమాదాన్నే చూశాడు. వచ్చే బండే ప్రమాదమని ఆయనకి ఎవరూ నేర్పలేదు.

ఇంతలో సార్ వెనక నుంచి గట్టిగా అన్నాడు. "మేడం, ముందు నక్షా విప్పండి. గీసింది మీరే, ఎక్కడ నుంచి మొదలెట్టాలో డ్రైవరుకి చెప్పండి." హిందీలోనే అన్నాడు, అందరికీ వినిపించేలా. నాన్న ముఖంలో ఏ మార్పూ రాలేదు. విన్నాడో లేదో నాకు తెలియలేదు. వినకపోతే బాగుండునని ఆ క్షణంలో కూడా నా గురించే ఆలోచించుకున్నాను.

నాన్న డ్రైవరుతో, లైను బాగానే ఉంది బాబూ అన్నాడు. ఎర్రజెండాని నెమ్మదిగా కర్ర చుట్టూ చుట్టాడు. చంకలోంచి పచ్చది తీశాడు. పట్టాల మీంచి పక్కకి దిగి, చెయ్యి నిటారుగా చాపి, బండి వైపు చూపించాడు. డ్రైవరు అప్పుడు కూడా వెంటనే ఎక్కలేదు. నా వైపు చూశాడు, పెద్దబ్బాయి వైపు చూశాడు. ఆ తర్వాతే ఎక్కి ఇంజను స్టార్ట్ చేశాడు.

నేను కాగితం విప్పాను. మొదలెట్టాల్సిన చోటు చూపించాను. ఇది రాయకుండా దాటేద్దామని మూడుసార్లు చూశాను, కానీ చూపించాను.

మధ్యాహ్నానికి స్టేషను నుంచి వంతెన దాకా పట్టాలు లేచిపోయాయి. నాన్న అక్కడే కానుగ చెట్టు కింద కూర్చుని చూశాడు. సాయంత్రం నాలుగయ్యాక లేచి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని, చొక్కా గుండీలు సర్దుకుని కోట వెనక గదికి వెళ్లాడు. ఆయన్ని ఒంటరిగా పంపలేక నేనూ వెళ్లాను. చెప్పేస్తాడు, అయిపోతుంది అనుకున్నాను. అబద్ధం నాన్న నోటెంట రాదని అప్పుడే కదా కళ్లారా చూశాను.

దావూజీ మంచం మీద టోపీ పెట్టించుకుని సిద్ధంగా ఉన్నాడు. బయట బండి చప్పుడు గోడలోంచి వినిపిస్తూనే ఉంది. ముద్దమాటతో అడిగాడు.

"లైన్ క్లియర్ హే కా?"

"నహీ, దావూజీ," అన్నాడు నాన్న. "బ్లాక్ హే. పని నడుస్తోంది."

దావూజీ చప్పుడు విన్నాడు. తల ఊపాడు. టోపీ తీసెయ్యమని ఎడమ చేత్తో సైగ చేశాడు. ఏడవలేదు. బ్లాక్ అంటే ఆగాలి, అది ఆయనకి తెలుసు.

ఆ వానాకాలమంతా నాన్న రోజూ సాయంత్రం వెళ్లాడు. లేని లైను మీంచి రిపోర్టు ఇచ్చి వచ్చేవాడు. ఈ రోజు స్లీపర్లు మారుస్తున్నారు దావూజీ. ఈ రోజు వంతెన బిగిస్తున్నారు దావూజీ. జేసీబీ డ్రైవరుకి ఒక్క మాట చెప్పలేని మనిషికి ఇన్ని మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు అర్థమయ్యేది కాదు. మా ఇద్దరి మధ్య మాత్రం ఆ నక్షా మాట రాలేదు. నేను తేలేదు, ఆయన అడగలేదు. అన్నం దగ్గర మామూలుగానే మాట్లాడుకునేవాళ్లం, కూరలో ఉప్పు గురించి, అమ్మ మోకాళ్ల గురించి. వినలేదులే అని నేను నెమ్మదిగా నమ్మడం మొదలుపెట్టాను. బతకడానికి అదొక్కటే వీలుగా ఉంది.

దావూజీ దసరాకి ముందు పోయాడు. దానికి వారం ముందు, ఆదివారం, నాన్నతో పాటు నేనూ వెళ్లాను. అప్పటికి తోటలో హద్దురాళ్లన్నీ పాతేశారు, నేను గీసిన చోట్లలోనే. దావూజీ చాలా చిక్కిపోయాడు. టోపీ కళ్ల మీదికి జారిపోతోంది. నాన్న మామూలుగానే, బ్లాక్ హే దావూజీ అన్నాడు. ఆయన చాలాసేపు రేకుల కప్పు వైపు చూసి, ఇంతకాలం అడగని మాట అడిగాడు.

"ఎవరు తీసుకున్నారు?"

ఏ బాతు పేరో చెప్తాడనుకున్నాను. ఏ ఇంజనీరు పేరో చెప్తాడనుకున్నాను. నాన్న నా వైపు చూడకుండా, ఆయన టోపీ సర్దుతూ, మెల్లిగా చెప్పాడు.

"మా అమ్మాయి, దావూజీ."

దావూజీ కళ్లు తిప్పి నన్ను వెతుక్కున్నాడు. పట్టుకున్నాడు. పడిపోని ఎడమ పెదవి నవ్వింది.

"బిటియానా? అయితే ఫికర్ లేదు," అన్నాడు, ఒక్కొక్క ముక్కే కూడగట్టుకుంటూ. "టైముకి వాపస్ ఇచ్చేస్తుంది."

నాన్న అప్పుడు నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నేను జవాబు చెప్పాలని ఎదురుచూస్తున్నాడు, అంతే.

"ఇచ్చేస్తాను, దావూజీ," అన్నాను.